హెల్మ్స్‌లీ ట్రిప్: శనివారం కాదు, శుక్రవారమే

అందరికీ నమస్తే, ఇంగ్లండ్‌లో మన యార్క్‌షైర్ ప్లాన్ గురించి అడుగుతున్నారు కదా, నా ఓటు అక్కడి హెల్మ్స్‌లీ ఊరికే. శుక్రవారం అయితేనే ఊరి మధ్యలో సంత ఉంటుంది, అందుకే లీవ్ పెట్టుకోండి అంటున్నా. కోట ఆ పక్కనే, రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం జరిగినప్పుడు 1644లో మూడు నెలలు ముట్టడించి లొంగదీసుకున్నాక మళ్లీ పనికిరాకుండా పార్లమెంటు వాళ్లు పేల్చేశారు, ఆ పెద్ద బురుజు ఇప్పటికీ సగమే నిలబడి ఉంటుంది.

అసలు చూడాల్సింది మాత్రం రీవో ఆబీ. 1132లో క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న మఠం, 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మూయించేశాడు, పైకప్పు లేకపోయినా ఆ ఆర్చీల ఎత్తు చూస్తే నోరు తెరుచుకుని నిలబడిపోతాం. ఊర్నుంచి క్లీవ్‌లాండ్ వే అనే కాలిబాట పట్టుకుంటే మూడు మైళ్ల పైచిలుకు నడక, పిల్లలు నడుస్తారు గానీ వానొస్తే బురద బురదే, స్నీకర్లు వద్దు బాబూ. అత్తయ్యగారు వాళ్లు కారులో వచ్చేయొచ్చు, అక్కడ పార్కింగ్ ఉంది.

టైముంటే సటన్ బ్యాంక్ అనే కొండ మీంచి వ్యూ కూడా, కాకపోతే ఏ170 రోడ్డు మీద ఆ ఘాట్ చాలా నిటారు, క్యారవాన్లు అసలు రానివ్వరు. ఆగస్టులో అయితే మూర్స్ (చెట్లు లేని పొదల మైదానాలు) అంతా ఊదా పూలే. పులిహోర ఎవరు తెస్తున్నారో చెప్పండి, కోటకీ మఠానికీ రెండిటికీ టికెట్ కొనాలి, వాటిని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ మెంబర్‌షిప్ ఉన్నవాళ్లు కార్డు మర్చిపోకండి.