జరిమానా ఖజానాకు సరే, బాధితులకేమిటి?

సంపాదకులకు నమస్కారం.

వినియోగదారుల సమాచారాన్ని కాపాడలేకపోయిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడుతుందని విని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది సంతోషించారు. అందులో మనకెంత వస్తుందని పక్కింటావిడ అడిగారు. ఒక్క రూపాయి కూడా రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్మంతా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు జమ అవుతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేనే లేదు.

నేను బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ఒక డయాగ్నస్టిక్ సంస్థ ద్వారా మావారికి పరీక్షలు చేయించాం. కొన్ని నెలలకు ఎవరో ఫోను చేసి, "అమ్మా, సార్‌కి క్రియాటినిన్ 2.1 వచ్చింది కదా, డయాలసిస్ దాకా వెళ్లకుండా మా దగ్గర మందు ఉంది" అన్నాడు. రక్తం తీసిన తేదీ, పరీక్ష రాసిన డాక్టరు పేరు, మా ఫ్లాటు నంబరు గడగడా చెప్పాడు. దూరాన ఉన్న పిల్లలు కంగారు పడతారని వాళ్లకు కూడా మేం చెప్పని కిడ్నీ పరీక్ష అంకె అది! మావారు ఆ రాత్రి భోజనం చేయలేదు.

ఆ తర్వాతెప్పుడో సంస్థ నుంచి ఇంగ్లిషులో ఒక ఈమెయిల్ వచ్చింది. కొందరి వివరాలను బయటివారు చూసి ఉండవచ్చునట, దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవట. ఆ ఫోను ఎత్తింది నేను. అది దుర్వినియోగం కాకపోతే మరేమిటి?

ఇలాంటి పరిస్థితిలో దారులు అసలే లేవని ఎవరూ అనుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి. భద్రంగా ఉంచకపోవడాన్ని సేవాలోపంగానూ చూపవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. మేం నాంపల్లిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాం.

సంస్థ ఇచ్చిన జవాబే నన్ను ఈ ఉత్తరం రాయించింది. ఆ వివరాలు తమ దగ్గర నుంచే వెళ్లాయని మేం రుజువు చేయాలట. వాళ్ల సర్వర్లలో ఏం జరిగిందో నల్లకుంటలో కూర్చున్న మాకెలా తెలుస్తుంది? దర్యాప్తు నివేదిక వాళ్ల బీరువాలోనే ఉంటుంది. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 2017లోనే ఈ చిక్కు విప్పింది. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ కాక వ్యవస్థలో మరెక్కడో లోపం వల్ల ఖాతాలో డబ్బు పోయినప్పుడు మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు బాధ్యత సున్నా. తప్పు ఖాతాదారుదేనని చూపించే భారం బ్యాంకు మీదే పెట్టింది. (ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. అందుకే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోను చేయాలి.) ఆ నిబంధన కౌంటరు దగ్గర ఎంతమందిని ఆదుకుందో నేను కళ్లారా చూశాను. బ్యాంకుకు వర్తించే న్యాయం రోగి రిపోర్టులు దాచే సంస్థకు ఎందుకు వర్తించదు?

ఇంకొక దారి ఉంది, అదే మూసుకుపోతోంది. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 43-ఎ సెక్షన్ కింద, సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి నష్టం కలిగించిన కంపెనీ నుంచి పరిహారం కోరవచ్చు. వైద్య రికార్డులు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు దీని పరిధిలోకి వస్తాయి. 5 కోట్ల దాకా క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి విచారిస్తారు. ఈ సంగతి తెలిసిన వకీళ్లే తక్కువ. మొదట చెప్పిన 2023 నాటి కొత్త చట్టం ఈ సెక్షన్‌ను తీసేస్తోంది. 2025 నవంబరులో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2027 మేలో ఆ తొలగింపు అమల్లోకి వస్తుంది. అంటే కంపెనీల మీద కొత్త బాధ్యతలు మొదలయ్యే సమయానికే మనకున్న పరిహారపు హక్కు పోతుంది.

66.9 కోట్ల మంది సమాచారం ఒక్క మనిషి దగ్గర దొరికిందని 2023లో మన సైబరాబాద్ పోలీసులే ప్రకటించారు. అలాంటి ముఠాలను పట్టుకోవడం పోలీసుల పని, వారు చేస్తున్నారు. పరిహారం సంగతి చూడాల్సింది పార్లమెంటు. మన రెండు రాష్ట్రాల ఎంపీలు 2027 మే లోపే దీన్ని సభలో లేవనెత్తాలి. 43-ఎ సెక్షన్‌ను ఉంచాలి, లేదా ఆ కొత్త చట్టం కింద జరిమానాలు విధించే డేటా పరిరక్షణ బోర్డుకే పరిహారం ఇప్పించే అధికారం ఇవ్వాలి. సమాచారం తమ దగ్గర నుంచి పోలేదని చూపించే భారం కంపెనీ మీదే పెట్టాలి.

అందాకా పాఠకులకు ఒక విన్నపం. కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిల్‌ను చెరిపేయకండి, ముద్రించి ఫైల్లో పెట్టండి. ఫోను చేసినవారి నంబరు, తేదీ, వారన్న మాటలు అప్పటికప్పుడే రాసి ఉంచండి. కమిషన్ ముందు మాకు పనికొస్తున్నవి అవే.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని
నల్లకుంట, హైదరాబాద్