పెద్దమ్మా, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక చిన్న టిఫిన్ హోటల్ ఉంది. పేరు రాయొద్దని ఆ హోటల్ నడిపే పెద్దమ్మ ముందే చెప్పారు. "పిల్లలు ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారమ్మా, వచ్చినవాళ్లు వాళ్ల ముఖాల్లో పాత సంగతులు వెతక్కూడదు" అన్నారు. అందుకే పేర్లు రాయడం లేదు. కానీ థాంక్స్ చెప్పకుండా ఉండలేను.

మా తమ్ముడు 2022లో ఇంటర్ మ్యాథ్స్ 2బీ తప్పాడు. సప్లిమెంటరీలోనూ పోయింది. ఒక షాపులో పనికి కుదిరాడు, అక్కడుండగానే క్రికెట్ బెట్టింగ్‌లో దిగాడు. అప్పులవాళ్లకి కట్టడానికి షాపు గల్లాలోంచి 14,000 తీశాడు. తప్పు వాడిదే, నేను వెనకేసుకు రావడం లేదు. షాపు యజమాని కేసు పెట్టలేదు గానీ బజారంతా తెలిసిపోయింది. తర్వాత ఆరు నెలలు ఎవరూ పని ఇవ్వలేదు. వాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. అమ్మ రాత్రంతా మిషన్ కుడుతూ వాడి తలుపు వైపే చూస్తూ ఉండేది. హైదరాబాద్‌లో నాకు ఇంటి నుంచి ఫోన్ వస్తే చాలు, టెన్షన్.

2024 జనవరిలో కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్లి, అమ్మ పెద్దమ్మ దగ్గర ఏడ్చేసింది. ఆవిడ అంతా విని "రేపు పొద్దున నాలుగింటికి పంపు" అన్నారట. ముందు ఆధార్ చూశారు, 18 నిండనివాళ్లని ఆవిడ పనిలో పెట్టుకోరు. తర్వాత మెడికల్ టెస్టులు చేయించి, టైఫాయిడ్ టీకా కూడా వేయించారు.

రెండు నెలలు గ్రైండర్ దగ్గరే. పిండి వేడెక్కకుండా చన్నీళ్లు చిలకరిస్తూ మినప్పప్పు రుబ్బడం, గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలపడం. తర్వాత పెనం దగ్గరికి పంపారు. నీళ్లు చల్లి, కోసిన ఉల్లిపాయతో తుడిచి, అప్పుడు అట్టు పోయాలని చేయి పట్టుకుని నేర్పింది దోశ మాస్టర్. అన్నా, మీకూ చాలా థాంక్స్.

ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఐపీఎల్ రోజుల్లో, రాత్రి ఏడున్నరకి మ్యాచ్ మొదలయ్యే వేళకి, మర్నాటి పెసరట్లకి పెసలు ఏరి, కడిగి నానబోసే పని వాడికే అప్పజెప్పేవారు. అది ఇంకెవరితోనూ చేయించేవారు కాదు. పని అయ్యేసరికి తొమ్మిది, మళ్లీ నాలుగింటికి లేవాలి. వాడు పడుకునేవాడు. బెట్టింగ్ మానమని ఆవిడ ఒక్కరోజు కూడా అనలేదు.

తీసిన డబ్బు మాత్రం కట్టించారు. జీతంలోంచి నెలకి 2,000 పక్కన పెట్టి, వాడినే ఆ షాపుకి పంపేవారు. మొదటిసారి వెళ్లి గుమ్మం దాకా పోయి తిరిగొచ్చేశాడు. సాయంత్రం మళ్లీ పంపారు. ఏడు నెలల్లో, ఆగస్టుకి, తీరిపోయింది.

సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మర్నాడు హోటల్లో టిఫిన్లు ఆపేసి పులిహోర కలిపారు. బియ్యం, చింతపండు, నూనె తెమ్మని 20,000 చేతిలో పెట్టి, మా తమ్ముడిని ఒక్కడినే వన్‌టౌన్‌కి పంపారు. వాడు సరుకుతో, మిగిలిన డబ్బుతో, బిల్లుతో వచ్చాడు. ఆవిడ బిల్లు మడిచి గల్లాపెట్టెలో పడేశారు, తెరిచి చూడలేదు. ఆ పొట్లాలు సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర వీళ్లే పంచారు.

దసరా రద్దీలో ఒక పొద్దున వాడి ఫోన్ వచ్చింది. "అక్కా, నన్ను గల్లా దగ్గర కూర్చోమన్నారు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

2025 మార్చిలో 2బీ మళ్లీ రాశాడు. 75కి 26 వస్తే పాస్, 41 వచ్చాయి. చదువుకోడానికి రోజూ మధ్యాహ్నాలు సెలవిచ్చింది కూడా పెద్దమ్మే.

మొన్న ఆవిడకి చీర తీసుకెళ్లాను. వద్దన్నారు. "ఇంకో పిల్లాడొచ్చాడమ్మా, గ్రైండర్ దగ్గర తడిలో నిలబడాలి, రబ్బరు చెప్పులు కొనిపెట్టు" అన్నారు. తొమ్మిదో నంబరు కొనిచ్చాను. ఆ అబ్బాయికి రుబ్బడం మా తమ్ముడే నేర్పుతున్నాడు.