కప్పు మీద లేని మన ఊరు

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఫోన్ వచ్చినప్పుడు గ్యాస్ సిలిండర్ మారుస్తున్నాను, అందుకే సగంలో పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. "మా డాబా మీంచి కళింగ స్టేడియం లైట్లు కనిపిస్తాయిరా, ఇక్కడ సూపర్ కప్ ఆడతారంట, అసలదేంటి?" అని అడిగావు కదా. ఫోన్లో తేలే ముచ్చట కాదది. భువనేశ్వర్ ట్రాన్స్‌ఫర్ అయితే గానీ నీకు ఫుట్‌బాల్ గుర్తు రాలేదన్నమాట! బొల్లారంలో రెండు జతల చెప్పులు పెట్టి అదే గోల్ అనుకున్న రోజుల్లో నువ్వే గోల్‌కీపర్‌వి. బంతి వస్తుంటే మర్యాదగా పక్కకి తప్పుకునేవాడివి.

సరే, విను. మిగతా దేశాల్లో సూపర్ కప్ అంటే ఒక్క మ్యాచ్. లీగ్ గెలిచిన జట్టు, కప్ గెలిచిన జట్టు, సీజన్ మొదట్లో ఓసారి తలపడతాయి, అంతే. ఇంగ్లండ్ వాళ్ళు ఇలాంటిది 1908లోనే మొదలుపెట్టారు, ఛారిటీ షీల్డ్ అని. 1967లో ఆ షీల్డ్ మ్యాచ్‌లోనే టాటెన్‌హామ్ గోల్‌కీపర్ పాట్ జెన్నింగ్స్ తన పెనాల్టీ ఏరియా నుంచి తన్నిన బంతి ఒక్కసారి నేల తాకి, మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ తల మీదుగా లోపల పడింది. నువ్వు పక్కకి తప్పుకునేవాడివి, ఆయన ఏకంగా గోలే కొట్టాడు. ఇటలీ వాళ్ళేమో తమ సూపర్ కప్‌ని పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఊళ్ళు తిప్పారు. 1993లో వాషింగ్టన్, 2002లో ట్రిపోలీ, ఆ తర్వాత బీజింగ్, దోహా, సౌదీ. ఎక్కడ డబ్బుంటే అక్కడికి. స్పెయిన్ వాళ్ళూ 2020 నుంచి సౌదీ దారి పట్టారు, రెండు జట్లని నాలుగు చేశారు.

మన దగ్గర కూడా మొదట ఒక్క మ్యాచే. 1997లో మొదలైంది. నేషనల్ లీగ్ విజేతకీ ఫెడరేషన్ కప్ విజేతకీ పోటీ. నడిచిన ఏడాది నడిచింది, నడవని ఏడాది లేదు. 2011 తర్వాత ఆగిపోయింది. ఆ రోజుల పేర్లు తలుచుకుంటే కాస్త దిగులేస్తుంది. మొట్టమొదటి నేషనల్ లీగ్ గెలిచిన జేసీటీ 2011లో మూతపడింది. మహీంద్రా యునైటెడ్ అంతకు ముందు ఏడాదే పోయింది. మన దేశంలో కప్పుల కంటే ముందు జట్లే మాయమవుతాయిరా.

ఇప్పుడు నీ ఇంటి పక్కన ఆడే సూపర్ కప్ 2018లో పుట్టింది. పేరు పాతది, మనిషి వేరు. 1977లో కొచ్చిలో మొదలైన ఫెడరేషన్ కప్‌ని 2017తో ఆపేసి, దాని స్థానంలో దీన్ని తెచ్చారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మన సూపర్ కప్ ఒక్క మ్యాచ్ కాదు, పెద్ద నాకౌట్ టోర్నీ. కారణం కూడా ఉంది. అప్పటికి దేశంలో రెండు లీగ్‌లు, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఒకటి, ఐ-లీగ్ ఒకటి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఇద్దరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టడానికే ఈ కప్పు. కూర్చోబెట్టడం అంత తేలిక కాలేదులే, 2019లో ఐ-లీగ్ క్లబ్బులు చాలావరకు అలిగి ఆడకుండా వెళ్ళిపోయాయి.

2018 ఫైనల్ మీ కళింగలోనే, బెంగళూరుకీ కోల్‌కతా జట్టు ఈస్ట్ బెంగాల్‌కీ. ఈస్ట్ బెంగాల్ వైపు క్రోమా బైసికిల్ కిక్‌తో ముందు గోల్ కొట్టాడు. హాఫ్ టైమ్‌కి కొంచెం ముందు వాళ్ళ ఆటగాడికి రెడ్ కార్డ్. చివరికి బెంగళూరు వాళ్ళు 4-1తో ఉతికేశారు. అందులో రెండు సునీల్ ఛెత్రీవి. ఛెత్రీ ఎక్కడ పుట్టాడో తెలుసుగా? మన సికింద్రాబాద్‌లోనే, 1984లో. వాళ్ళ నాన్న ఆర్మీ. అంటే మొదటి కప్పు ఎత్తిన కెప్టెన్ మన గాలి పీల్చినవాడే. ఇది చెబితే మా ఆఫీసులో ఒకడు "పుట్టినంత మాత్రాన ఏముంది" అంటాడు. వాడికి ఆ రోజు చాయ్ ఇప్పించలేదు.

అసలు నాకు నచ్చిన ఏడాది 2023. కోవిడ్ గ్యాప్ తర్వాత కేరళలో పెట్టారు. మన శ్రీనిధి డెక్కన్, అదే అప్పట్లో అజీజ్‌నగర్‌లో ఆడిన ఐ-లీగ్ జట్టు, కోజికోడ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-0తో ఓడించింది. వాళ్ళ రాష్ట్రంలో, వాళ్ళ జనం ముందు! ఇక్కడ మన గల్లీలో ఒక్కడికీ తెలియదు. ఆ రోజు అందరూ ఐపీఎల్ స్కోరే అడిగారు. కప్పు మాత్రం ఒడిశా ఎఫ్‌సీ తీసుకెళ్ళింది, ఛెత్రీ జట్టుని ఫైనల్లో 2-1తో ఓడించి. మీ పక్కింటివాళ్ళని అడుగు, ఆ డియెగో మౌరీసియో రెండు గోల్స్ గురించి ఇంకా చెబుతూనే ఉంటారు.

2024 జనవరి ఇంకా విచిత్రం. మన ఊరి జట్లు రెండూ, హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి, ఒకే గ్రూపులో పడ్డాయి. మిగతా రెండూ ఎవరనుకున్నావ్? ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్! నేను ఆఫీసులో టిఫిన్ డబ్బాకి ఫోన్ ఆనించి, సౌండ్ తీసేసి చూశాను. ఈస్ట్ బెంగాల్ గోల్ కొడితే మన హైదరాబాద్ ఎఫ్‌సీ వాళ్ళు సమం చేశారు, మళ్ళీ కొడితే మళ్ళీ సమం చేశారు. రెండోసారి నేను టేబుల్ మీద గుద్దితే పప్పుచారు డబ్బా ఒరిగి కీబోర్డ్ మీద పడింది. తుడుచుకుని తలెత్తేసరికి 3-2, వాళ్ళదే. మోహన్ బగాన్ మీదైతే దాదాపు చివరిదాకా మనమే ముందున్నాం, ఆఖర్లో రెండు గోల్స్ ఇచ్చేశాం. నోటి దగ్గరి ముద్ద. అప్పటికే క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో ఉంది, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, మిగిలిన కుర్రాళ్ళు ఆ మాత్రం ఆడటమే గొప్ప.

ఆ ఏడాది కప్పు ఈస్ట్ బెంగాల్‌దే. ఫైనల్లో మీ ఒడిశా వాళ్ళు తొంభై నిమిషాల మీద కలిపిన ఇంజురీ టైమ్ చివర్లో పెనాల్టీతో 2-2 చేసి బతికారు, ఎక్స్‌ట్రా టైమ్‌లో క్లీటన్ సిల్వా ముగించాడు. ఈస్ట్ బెంగాల్‌కి 12 ఏళ్ళ తర్వాత జాతీయ ట్రోఫీ అది. నాకు బాధ లేదు, ఎందుకంటే ఆ జట్టు కోసం మన అమ్ముగూడ బలరాం ఆడాడు, మన హబీబ్ ఆడాడు. ఆ హబీబే 1977లో మోహన్ బగాన్ తరఫున, పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టాడు. కోల్‌కతా వాళ్ళు ఇప్పటికీ ఈ పేర్లు మనకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే మా అబ్బాయి "ఏఐతో తయారుచేశావా నాన్నా" అన్నాడు.

2025 మేలో మళ్ళీ మీ ఊళ్ళో ఎఫ్‌సీ గోవా గెలిచింది, జంషెడ్‌పూర్ మీద 3-0. కోచ్ ఎవరు? మనోలో మార్క్వెజ్. 2022 మార్చిలో గోవా ఫతోర్డా స్టేడియంలో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి మనకి ఐఎస్ఎల్ తెచ్చిన రాత్రి గుర్తుందా, నువ్వు మా ఇంట్లోనే పడుకున్నావ్? అప్పటి మన కోచే. సూపర్ కప్ గెలిచినవాళ్ళకి ఆసియా పోటీల దారి దొరుకుతుంది. అలా గోవా వెళ్ళి, అక్టోబర్‌లో రొనాల్డో జట్టు అల్ నాసర్‌ని ఫతోర్డాకి రప్పించింది. రొనాల్డో మాత్రం రాలేదు. గోవా 2-1తో ఓడినా నేను చివరి విజిల్ దాకా చూశాను.

అదే నెలలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఆ నెలాఖరున గోవాలో మొదలైన సూపర్ కప్‌లో ఆ కొత్త పేరుతోనే ఆడింది. కప్పు డిసెంబర్‌లో మళ్ళీ మనోలోదే, ఈస్ట్ బెంగాల్ మీద పెనాల్టీలతో.

ఇంతకీ నాకో పని చేసిపెట్టు. ఈసారి మ్యాచ్ ఉన్నప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్ళు, ఊరికే డాబా మీద నిలబడకు. నా హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ కొరియర్ చేస్తున్నాను. కడుపు దగ్గర కొంచెం బిగువుగా ఉంటుంది, సర్దుకో. ఎవరైనా ఇది ఏ ఊరి జట్టని అడిగితే చెప్పు. చెల్లెమ్మకి నమస్తే చెప్పానను, పచ్చడి సీసా ఖాళీదైనా సరే తిరిగి పంపమను, మా ఆవిడ రెండుసార్లు అడిగింది.

నీ
రాజు