డోనట్లకు రెండో పొంగు తప్పదు

సంపాదకులకు నమస్కారం.

మీ వంటల పేజీలో ఇచ్చిన నైజీరియా డోనట్ల తయారీలో రెండో పొంగు, అంటే కోసిన డోనట్లను వేయించే ముందు మరోసారి పొంగనివ్వడం, ఊసే లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. అరకిలో మైదాకు 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 75 గ్రాముల పంచదార, 50 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, కాస్త ఉప్పు, సుమారు 220 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు చాలు. జాజికాయ పొడి మాత్రం మానొద్దు, అక్కడి డోనట్ల ఘుమఘుమ దానిదే. ఇవన్నీ కలిపిన పిండి పొంగి రెట్టింపయ్యాక అర అంగుళం మందాన ఒత్తి కోసి, ఒక్కోదాన్ని కాగితం ముక్క మీద మరో అరగంట ఉంచాలి. వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడాలి. అసలు పూడకపోతే పొంగు మితిమీరినట్టే, నూనెలో కుంగిపోతాయి. చేత్తో ఎత్తితే గాలి పోతుంది, కాగితంతోనే ఎత్తి 170 డిగ్రీల నూనెలోకి జార్చాలి. సరిగ్గా పొంగినవి తేలికగా తేలి, నడుం చుట్టూ తెల్లటి పట్టీ మిగులుతుంది. నూనె మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

– ఒక పాఠకురాలు