తల్లీబిడ్డల సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ
(2024 శ్రావణం నుంచి 2025 దసరా వరకు)

నిధికి సాయం చేసిన అందరికీ కమిటీ తరఫున నమస్కారాలు. డబ్బు దారి మళ్ళిందన్న మాట టీ కొట్టు నుంచి వాట్సాప్ గ్రూపు దాకా తిరుగుతోంది కాబట్టి, సంక్రాంతి సభ దాకా ఆగకుండా ఇప్పుడే లెక్క చెబుతున్నాం.

జమ: ఊళ్ళో చందాలు రూ.61,400. కువైట్, ఖతార్‌లలో ఇంటిపనికి వెళ్ళిన మన ఆడపడుచులు పంపినది రూ.42,000. కొబ్బరి దింపు డబ్బులోంచి రైతులు ఇచ్చినది రూ.18,600. చవితి ఉత్సవాల మిగులు రూ.9,000. మొత్తం రూ.1,31,000.

ఖర్చు: పెళ్ళికాని ఒక అమ్మాయికి కాన్పుకు ముందు స్కానింగులు, మందులు, పాలు, గుడ్లు రూ.14,200. కాన్పు నాటి కారు, తోడున్నవాళ్ళ భోజనాలు రూ.6,300. బిడ్డ పుట్టాక తల్లికి నెలకు రూ.3,000 చొప్పున 9 నెలలకు రూ.27,000. పాప పెదవి ఆపరేషన్ ఉచితంగానే జరిగింది, రాకపోకలకు రూ.7,900. ఆ పాపకు చీలిన పెదవి వల్ల పాలు కుడవడం రాలేదు. తల్లి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టేది, ఒక్కో పూటకు ముప్పావుగంట. నెలకు మూడు వేలు దేనికి, పనికి వెళ్ళొచ్చుగా అన్నవాళ్ళు ఒక్క పూట ఆ అరుగు మీద కూర్చుని చూస్తే తెలిసేది.

పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో రూ.40,000. ఈ డబ్బు నాలుగు నెలలు కోశాధికారి జేబులో ఉందని అన్నారు. జేబులో లేదు, కమిటీ బ్యాంకు ఖాతాలోనే ఉంది, పాసుబుక్కు ఎవరైనా చూడొచ్చు. ఖాతాకు జనన ధ్రువపత్రం కావాలి. పెళ్ళి చేసుకుంటానన్నవాడు మొహం చాటేశాడు కాబట్టి తండ్రి పేరు లేకుండా ఇవ్వబోమని ఒక ఆఫీసులో తిప్పారు. పెళ్ళికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఆ తీర్పు కాపీ పట్టుకెళ్ళాకే పని జరిగింది. ఖాతా తెరిచే హక్కు సంరక్షకురాలైన తల్లిదే గాని కమిటీది కాదు. అందుకే మేమే ముందుగా వేసేయలేకపోయాం. పిల్లలు లేని దంపతులు లక్ష ఇచ్చి పాపను తీసుకెళ్తామన్నారట, ఒప్పుకుంటే ఈ ఖర్చంతా మిగిలేదట! డబ్బు పుచ్చుకుని బిడ్డను ఇవ్వడం నేరం. తల్లి పెంచలేనంటే చట్టప్రకారం శిశు సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు కూడా ఉంటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పాం. తనే పెంచుకుంటానంది.

ఇక గొడవంతా రూ.11,600 మీద. ఇంకో తల్లిని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన ఖర్చు ఇది. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో బిడ్డకు తలపుర్రె ఏర్పడలేదని తేలింది. పుట్టినా బతకదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి స్థితిలో 20 వారాలు దాటి 24 వారాల లోపు ఇద్దరు డాక్టర్లు సరేనంటే గర్భం తీయవచ్చు. ఇద్దరూ చూసే చేశారు. డబ్బు కారుకి, రెండో స్కాన్‌కి, తోడున్నవాళ్ళ గది అద్దెకి, తర్వాత నెల రోజుల తిండికి, మందులకి అయింది.

"పిల్లల్ని బతికించడానికి ఇచ్చిన డబ్బుతో కడుపు తీయిస్తారా" అని అడిగారు. తీర్మానాల పుస్తకంలో మొదటి పేజీలో ఉన్న మాట: "ఆపదలో ఉన్న తల్లికి, పుట్టిన బిడ్డకి." రెండూ ఉన్నాయి. మా ఐదుగురిలో ఇద్దరు గర్భస్రావం తప్పని నమ్మేవాళ్ళే, ఇప్పటికీ అదే అంటారు. అయినా ఈ ఓచరు మీద సంతకం పెట్టారు. ఎందుకంటే ఆ స్కాన్ రిపోర్టు చేతపట్టుకుని ఆ తల్లికి వద్దని చెప్పే ధైర్యం వాళ్ళకు కూడా లేకపోయింది. మనసు ఒప్పని ముగ్గురు దాతలు తమ డబ్బు ఈ పద్దులో కలపొద్దన్నారు. వారి చందా మొత్తం పాప ఖర్చులోనే చూపించాం. ఈ రూ.11,600 గల్ఫ్ ఆడపడుచుల డబ్బులోంచి, వాళ్ళను ఫోన్‌లో అడిగి తీసినది. ముందు సరేనన్నది వాళ్ళే.

బిల్లులు గ్రూపులో పెట్టమంటున్నారు. పెట్టం. వాటి మీద ఆమె పేరుంది. డాక్టరే ఆ పేరు బయటపెట్టకూడదని చట్టం అంటుంటే మేం ఊరందరికీ చూపించాలా? పేరున్న చోట కాగితం ముక్క అంటించి, అభ్యంతరం చెప్పినవాళ్ళలో ఇద్దరికి మొత్తాలు చూపించాం. లెక్క సరిపోయిందని పుస్తకంలో సంతకం చేశారు.

మొత్తం ఖర్చు రూ.1,07,000. నిల్వ రూ.24,000.

రావాల్సిన హామీలు రూ.38,000. మొదటి అమ్మాయి నాలుగో నెలలో ఉన్నప్పుడు రామాలయం అరుగు మీద "తీయించుకోవద్దు, పుడితే ఊరే పెంచుతుంది" అని గట్టిగా చెప్పినవాళ్ళవే ఇందులో ఎక్కువ. తీయించుకునే హక్కు అప్పటికి ఆమెకు ఉంది, పెళ్ళి కాలేదన్నది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఉంచుకోవాలన్నది ఆమె సొంత నిర్ణయమే. కానీ మీ మాట కూడా విని ధైర్యం తెచ్చుకుంది. 2023లో ఢిల్లీ కేసులో 26 వారాల గర్భం తీయడానికి సుప్రీంకోర్టు అనుమతి ఇవ్వనప్పుడు కాన్పు ఖర్చు కేంద్రమే భరిస్తానంది. వద్దన్నప్పుడు వెనకాల ఆ బరువు కూడా ఎత్తుకోవాలి కదా. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు పడగానే ఇస్తామన్నారు, అది పడి చాలా కాలమైంది. రొయ్య ధర పడిపోయిన చెరువుల వాళ్ళను మేం అడగడం లేదు. మిగతావాళ్ళు కార్తీకం లోపు కట్టాలి. పాపకు అంగిలి ఆపరేషన్ ఇంకా ఉంది, నెలకు మూడు వేలు కూడా ఆగకూడదు. పుస్తకాలు ప్రతి ఆదివారం పొద్దున గ్రంథాలయంలో ఉంటాయి.