సంచి ఎవరిది?

జయపురం (ఒడిశా),
ఆదివారం రాత్రి

ఒరే చిన్నా,

మొన్న ఫోన్ విసురుగా పెట్టేశావు. కోపం రాలేదు, బాధేసింది. ఫోన్లో అయితే మళ్ళీ మాటా మాటా పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

"గంజాయి మోసేవాళ్ళ మీద నీకు జాలేంట్రా? ఇక్కడ మా మేనల్లుడు పాడైపోతుంటే!" అన్నావు. ఇంటర్ చదివే పిల్లాడి జేబులో పొట్లం దొరికితే ఏ ఇంట్లో అన్నం సయిస్తుంది? అక్క ఎలా ఉందో తలుచుకుంటేనే నాకు మనసు మనసులో లేదు. గంజాయి ఏం చెయ్యదులే అనేవాళ్ళలో నేను లేనురా. దాడులు వద్దని కూడా నేననలేదు. నే చెప్పబోయింది వేరే, నువ్వు చెప్పనివ్వలేదు.

పేపర్లో వారానికోసారైనా ఆ ఫోటో వస్తుంది చూడు. బల్ల మీద వరసగా పేర్చిన ప్యాకెట్లు, వెనక అధికార్లు, పక్కన ముసుగులేసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు. కింద ఇన్ని కిలోలు, ఇన్ని లక్షలు అని. మీరంతా కిలోలు చదువుతారు. పాతికేళ్ళుగా వకీలు గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి, నాకు ఆ ముసుగుల కిందున్న మొహాలు తెలుసు. మర్నాడు వాళ్ళొచ్చి కూలబడేది మా కోర్టు వరండాలోనే.

ఆ ప్యాకెట్టు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? ఎండిన పూతని తొక్కి, ఇటుకలా గట్టిగా అణిచి, వాసన బయటికి రాకుండా గోధుమరంగు టేపు చుట్టేస్తారు. అయినా ఆగదు. తడిసిన గడ్డివాము ముక్కిపోయినట్టు ఒక ఘాటు. కోర్టు గదిలో గోనెసంచి విప్పితే, సంచి వెళ్ళిపోయిన గంటకి కూడా ఆ గాలి వదలదు. ఇంటికొచ్చి చొక్కా విప్పేదాకా నా ముక్కులోనే ఉంటుంది.

ఒక్క కేసు సంగతి చెప్తాను, పేరూ ఊరూ రాయను. నందపూర్ అవతల కొండమీద పల్లె. కుర్రాడికి పంతొమ్మిది నిండాయి. సంతలో ఎవడో కలిసి, "ఈ సంచి బస్సులో విజయనగరం తీసుకెళ్ళు, అక్కడ మా మనిషి దింపుకుంటాడు, మూడు వేలిస్తాను" అన్నాడట. సుంకి ఘాట్ దిగకముందే తనిఖీలో దొరికిపోయాడు. తూకం 21 కిలోల 400 గ్రాములు.

20 కిలోల పైనున్న ఆ కిలో 400 గ్రాముల దగ్గరే వాడి బతుకు ఇరుక్కుపోయింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని తూకం బట్టే చూస్తుంది. కిలో లోపయితే చిన్న మొత్తం, ఏడాది దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. 20 కిలోలు దాటితే వ్యాపారం కింద లెక్క, పదేళ్ళకి తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా జైలు, లక్షకి తగ్గని జరిమానా. ఆ లెక్కలో పడ్డాక బెయిలు కూడా అంత సులువు కాదు. 37వ సెక్షన్ ప్రకారం, విచారణ మొదలవకముందే ఇతను నేరం చెయ్యలేదని నమ్మడానికి జడ్జిగారికి తగిన ఆధారం కనపడాలి. ఛార్జిషీటు వెయ్యడానికి పోలీసులకి 180 రోజులు గడువు. అన్నాళ్ళూ కుర్రాడు లోపలే.

మా వకీలుగారి వాదనంతా ఆ తూకం మీదే. చట్టం గంజాయి అన్నది మొక్క పూత కొసల్ని. విడిగా ఉన్న ఆకూ గింజా అందులోకి రావు. ఆకుతో చేసే భంగుని ఈ చట్టం పట్టించుకోనిది అందుకే. మరి ఈ కేసులో కాడా, ఆకూ, టేపూ, సంచీ అన్నీ కలిపి ఒక్క దెబ్బలో కాటా వేసేశారని ఆయన అంటున్నారు. నిలుస్తుందో లేదో చూడాలి.

నన్ను తినేసేది ఇంకోటుంది. ఆ ఛార్జిషీటు నేనే జిరాక్సు తీయించాను. నాలుగో పేజీలో ఒక వరస ఉంది: సరుకు అప్పగించినది గుర్తు తెలియని వ్యక్తి, పరారీలో ఉన్నాడు. అంతే. ఆ వరస నేను ఎన్ని కాగితాల్లో చదివానో లెక్కలేదు. ఆ మనిషి మాత్రం మా కోర్టు మెట్లెక్కగా చూసింది ఒకటి రెండు సార్లే. సంచి మోసినవాడు దొరికితే కేసు అయిపోయినట్టేనా? వాడి ఫోనులో ఆఖరి కాల్ ఎవరిదో, విజయనగరంలో దింపుకోవాల్సినవాడెవడో, వాడికి డబ్బు పంపేవాడెవడో తవ్వాలి కదా. గంజాయి డబ్బుతో కొన్న ఆస్తుల్ని జప్తు చేసే అధికారం 1989 నుంచీ ఇదే చట్టంలో ఉంది. మేడలు కట్టినవాడి మేడ పోతే అప్పుడు నేనూ చప్పట్లు కొడతాను.

వాళ్ళమ్మ వచ్చిందిరా. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, సొరకాయ బుర్రలో రాగి అంబలి పట్టుకుని. ఆవిడది ఇక్కడి కొండల్లో మాట్లాడే దేసియా మాట, కాగితాలన్నీ ఇంగ్లీషులో. మధ్యలో నేను చెప్పాలి. చెప్పినంతసేపూ తలూపి, "ఎన్నాళ్ళలో ఇంటికొస్తాడు? అల్లం తవ్వడానికి మనిషి లేడు" అంది. కొడుకు పేరున పదేళ్ళన్న మాట నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. ఆవిడ అంబలి సగం తాగి, మిగతా సగం కొడుక్కి ఇప్పించమంది. ఎస్కార్టు కానిస్టేబులు కాసేపు మొహం తిప్పుకున్నాడు. మంచి మనిషి.

ఆ కొండల్లో ఎందుకు పండిస్తారనీ అడిగావు. రాగులు సంతకి మోసుకెళ్ళాలి, ధర దక్కదు. గంజాయికైతే ఎవడో వచ్చి ముందే అడ్వాన్సిచ్చి, శీలావతి అనే గంజాయి రకం విత్తనమిచ్చి, పంట ఇంటిముందే ఎత్తుకుపోతాడు. మల్కన్‌గిరిలో బలిమెల రిజర్వాయరు అవతలి ఊళ్ళకి గురుప్రియ వంతెన వచ్చిందే 2018లో. అంతకుముందు లాంచీ తప్ప దారి లేదు. రోడ్డుకన్నా ముందు గంజాయి వ్యాపారి చేరాడు అక్కడికి. ఒడిశాలో 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలయ్యాక మద్దతు ధరకి రాగులు కొంటున్నారు, ఇక్కడ కాఫీ కూడా ప్రభుత్వ సంస్థ కొంటోంది. కొనుగోలు కేంద్రం దగ్గరున్న ఊళ్ళలో తేడా నా కళ్ళతో చూశాను. దూరపు ఊళ్ళకి అదింకా అందలేదు. తోట నరికిన మర్నాడే ఆ రైతు దగ్గరికి ఎవరైనా విత్తనాలతో వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ ఆ పాత షావుకారే వెళ్తాడు.

మీ అనకాపల్లి దగ్గర 2022 ఫిబ్రవరిలో రెండు లక్షల కిలోలు తగలబెట్టినప్పుడు నువ్వే వీడియో పంపావు, "ఇక దరిద్రం వదిలింది" అని. అది చిన్న పని కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు సరుకంతా ఒడిశా నుంచే వస్తోందని మీ పోలీసులే అంటున్నారు. మరి వదిలిందా, ఇటు జరిగిందా? కొనేవాడూ, పెట్టుబడి పెట్టేవాడూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు కదా.

అసలు నిషేధమే ఎత్తెయ్యాలనే వాళ్ళూ ఉన్నారు. ఢెంకానాల్ ఎంపీగా ఉండగా తథాగత శత్పతి 2015లో బాహాటంగానే అన్నారు, పేదవాడి మత్తు కాబట్టే దీన్ని నిషేధించారని. మీవాణ్ణి తలుచుకుంటే నేను అంతదూరం వెళ్ళలేను. కానీ జైల్లో ఉన్నవాళ్ళ మొహాలు చూస్తే ఆ పేదవాడన్న మాట గుచ్చుకుంటుంది.

మీవాడి సంగతి. వాడి దగ్గర దొరికింది గ్రాముల్లో కాబట్టి స్టేషన్లో మందలించి పంపేశారు. మంచిదే, వాడికి జైలు వద్దు. కానీ నువ్వు కొట్టడం ఆపు. 14446కి ఫోన్ చెయ్యి, మత్తు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు, డబ్బులక్కర్లేదు. వాడు తనంతట తాను వైద్యానికి ఒప్పుకుంటే చట్టంలో కూడా వెసులుబాటు ఉంది, 64ఏ సెక్షన్. వాడికి పొట్లం ఎవరిచ్చారో మాత్రం మెల్లగా అడుగు. వాడి పైనా ఎవడో ఉంటాడు. నెలాఖర్లో నేనొస్తాను, నా దగ్గర కూర్చోబెట్టు. చిన్నప్పట్నించీ నా మాట వింటాడు కదా.

మా కుర్రాడి బెయిలు పిటిషను బుధవారం ఉంది. వాళ్ళమ్మ మళ్ళీ ఆ మూడింటికే బయల్దేరి వస్తానంది. ఈసారి ముందురోజు మా ఇంట్లోనే పడుకోమన్నాను.

పోయినసారి ఆవిడ వద్దన్నా వినకుండా రెండు కిలోల కొత్త అల్లం ఇచ్చి వెళ్ళింది. సగం మేముంచుకున్నాం. మిగతా సగం రేపు పొద్దున్న విశాఖ బస్సులో కండక్టర్ చేత పంపిస్తున్నాను, అక్కకి ఇవ్వు. గుడ్డసంచి, మూతి కుట్టేశాను. పైన స్కెచ్ పెన్నుతో నీ పేరూ, నా పేరూ, ఇద్దరి ఫోన్ నంబర్లూ రాశాను.

నీ
పెద్దోడు