పాపకి ఇంకా పదేళ్లే కదరా

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాపని మిగతా ఆటలన్నీ మాన్పించి బ్యాడ్మింటన్‌లోనే పెట్టమని కోచ్ పట్టుబడుతున్నాడని, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నాడని రాశావు. నువ్వూ చెల్లెమ్మా రాత్రుళ్లు నిద్ర మానుకుని ఇదే మాట్లాడుకుంటున్నారట. నా మాట ముందే చెప్పేస్తాను. ఇప్పుడే తేల్చొద్దు. బ్యాడ్మింటన్ ఆడనివ్వు, మనసుతీరా ఆడనివ్వు. కానీ ఈత, ఫుట్‌బాల్ మాన్పించకు.

పాపలో విషయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. పోయినసారి వచ్చినప్పుడు గంటసేపు దాని ఆట చూస్తూ కూర్చున్నాను, గుర్తుందా? ఎదుటి పిల్ల రాకెట్‌కి షటిల్ తగిలే క్షణానికి మన పిల్ల చిన్నగా ఎగిరి రెండు కాళ్ల మీద దిగేది, ఎటు కావాలంటే అటు దూకేలా. ఎవరు నేర్పారే అని అడిగితే, "గోల్ దగ్గర నిలబడినప్పుడు ఇలాగే చేస్తా కదా మావయ్యా" అంది. కోచ్ మాన్పించమంటున్న ఆటలోంచే వచ్చిందిరా ఆ అడుగు! బంతి దూరంగా విసిరేటప్పుడు భుజం తిరిగే తీరూ, స్మాష్ కొట్టేటప్పుడు తిరిగే తీరూ కూడా దాదాపు ఒకటే.

కోచ్ సింధు పేరు చెప్పాడన్నావు. నిజమే, ఆవిడ ఎనిమిదేళ్లకే మొదలుపెట్టింది, 2016 ఒలింపిక్స్‌లో రజతం, తర్వాత టోక్యోలో కాంస్యం తెచ్చింది. టైగర్ వుడ్స్ అయితే 1978లో రెండేళ్ల వయసులోనే టీవీలో గోల్ఫ్ కొట్టి చూపించాడు. కానీ ఫెదరర్ చిన్నప్పుడు టెన్నిస్‌తో పాటు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ ఆడాడు. ఫుట్‌బాల్ వదిలింది 12 ఏళ్ల ప్రాంతంలో. ఆస్ట్రేలియా అమ్మాయి ఎలీస్ పెర్రీ 2007లో, 16 ఏళ్లకి, క్రికెట్‌లోనూ ఫుట్‌బాల్‌లోనూ దేశం తరఫున ఆడింది. ఇలా ఎవరికి కావలసిన పేరు వాళ్లు చెప్పుకోవచ్చు. పైకొచ్చిన వాళ్ల కథలే మన చెవిన పడతాయి. అదే వయసులో అలాగే మొదలుపెట్టి, పదిహేనేళ్లకి రాకెట్ అటకెక్కించిన పిల్లల గురించి ఎవరూ రాయరు.

అలాంటి పిల్లవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మావాడి సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. తొమ్మిదేళ్లకే వాడిని ఒక్క ఆటలో దింపాను, వారానికి ఆరు రోజులు. పన్నెండేళ్లకి ఒక్కసారిగా పొడుగు సాగాడు. ఒకరోజు పొద్దున చూస్తే రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టే దిగుతున్నాడు. ఏంట్రా అంటే ఏం లేదన్నాడు. టోర్నమెంట్ దగ్గర పడిందని నేనూ "కాస్త ఓర్చుకో నాన్నా" అన్నాను. రెండు నెలల తర్వాత డాక్టర్ మోకాలి చిప్ప కింద ఎత్తుగా ఉన్నచోట బొటనవేలితో ఇలా నొక్కగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదిగే వయసులో ఎముక ఇంకా గట్టిపడదు. గెంతులూ పరుగులూ ఎక్కువైతే తొడ కండరం లాగే లాగుడంతా ఆ ఒక్క చోటే పడుతుంది. విశ్రాంతితో నొప్పి తగ్గిపోయింది. కానీ మళ్లీ కోర్టుకి వెళ్దామంటే వాడు షూస్ వైపు కూడా చూడలేదు. ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

అప్పుడు తెలుసుకున్నవే నీకు చెప్తున్నాను. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. ఒకే ఆటకి పరిమితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆపితే మంచిదని, వారానికి కనీసం ఒకటి రెండు రోజులు సెలవు ఉండాలని, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ఆ ఆటకి దూరంగా ఉంచాలని అందులో ఉంది. పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలకి మించి సాధన వద్దని కూడా క్రీడా వైద్యులు అంటారు. కోచ్ అడిగింది పొద్దున రెండు, సాయంత్రం రెండు గంటలు, ఆరు రోజులు. అంటే 24 గంటలు. పాప వయసు 10!

జిమ్నాస్టిక్స్ లాంటివి వేరు, వాటిలో చిన్నప్పుడే దిగాలి. అయినా అక్కడ కూడా ఆ ఏడాది చివరికైనా 16 నిండకపోతే ఒలింపిక్స్‌కి రానివ్వరు. టెన్నిస్‌లో జెన్నిఫర్ కాప్రియాటీ 1990లో, 13 ఏళ్లకే ప్రొఫెషనల్ అయింది, కొన్నేళ్లకే అలిసిపోయి ఆట వదిలేసింది. ఆ తర్వాత మహిళల టెన్నిస్‌లో చిన్న వయసు వాళ్లు ఎన్ని టోర్నీలు ఆడాలో నిబంధన ఇంకా బిగించారు. తను తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, అది వేరే సంగతి.

ఇంకో మాట. పదేళ్లకి గెలిచే పిల్లల్లో తోటివాళ్లకంటే ముందు ఎదిగినవాళ్లు చాలామంది ఉంటారు. మిగతావాళ్లు పొడుగు అందుకున్నాక లెక్కలు మారిపోతాయి. కాబట్టి ఇప్పటి కప్పులు చూసి సంతోషించు, వాటిని నమ్ముకుని తలుపులు మూసేయకు.

కోచ్‌కి మర్యాదగానే చెప్పు. వారానికి నాలుగు రోజులు, గంటన్నర చొప్పున పంపిస్తామని, పద్నాలుగేళ్లు వచ్చాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామని. మంచి కోచ్ అయితే కాసేపు గొణిగినా ఒప్పుకుంటాడు. ఇప్పుడే కావాలి, లేకపోతే వద్దు అన్నాడనుకో, కోచ్‌ని మార్చు. పాపని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అడుగు కూడా, నువ్వు ఏ జవాబు కోరుకుంటున్నావో మొహంలో తెలియనివ్వకుండా. ఒక పది రోజులు పూర్తిగా సెలవిచ్చి, ఎన్నో రోజున తనంతట తను రాకెట్ తీస్తుందో చూడు.

ఎన్నో రోజో నాకు రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
వాడే